కొండపల్లి తెల్లపొణికి



మన పెద్దలు కలపను చేవనుబట్టి వెలకట్టిరి. ద్వారబంధమునకు టేకును, బండికి నల్లమద్దిని కోరిరి. చేవ లేకపోవుటచేతనే పేరుగాంచిన చెట్టొకటి విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, కొండపల్లి కొండలలో కలదు. అదియే తెల్లపొణికి. ఇది ఆముదపు కుటుంబములోనిది. దీని కలప మిక్కిలి తేలిక. ఉలికి వెన్నవలె లొంగును.

కొండపల్లి దుర్గమును 14వ శతాబ్దిలో రెడ్డిరాజులు నిర్మించిరి. పిదప గజపతులు, కృష్ణదేవరాయలు, గోలకొండ సుల్తానులు దానిని ఏలిరి; 1766లో ఆంగ్లేయులు పట్టుకొనిరి. చరిత్ర ఈ ప్రభువులనందఱను లెక్కించినది గాని, కోటచుట్టునున్న చెట్టును లెక్కింపలేదు. ఊరికి పేరుదెచ్చినది మాత్రము ఆ చెట్టే. బొమ్మలుచేయు ఆర్యక్షత్రియులు తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని చెప్పుకొందురు.

వారు కఱ్ఱను ఎండబెట్టి, సెగచూపి తేమ తీయుదురు. తల, చేతులు, మేను వేఱువేఱుగ చెక్కి, చింతగింజలపొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. సున్నపుపూత ఆరిన పిమ్మట రంగులు దిద్దుదురు. దశావతారములు, అంబారీయేనుగు, తాడెక్కు గీతగాడు ఇట్లు రూపొందును. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియై డెల్టా వరిపొలమైనది. అడవి యెఱుగని ఆ పల్లెల బొమ్మలకొలువులలో ఈ కొండచెట్టు వెలసినది.

1882లో చెన్నరాజధాని అరణ్యశాసనము వచ్చెను. రక్షితారణ్యమున అనుమతిలేక చెట్టుకొట్టుట నేరమాయెను. అడవికి కాపు ఏర్పడినది. కాని కావలి యొక్కటే చెట్టును పెంపదు. తెల్లపొణికి విత్తు పెంకు గట్టిది, సులభముగ మొలవదు. మొలచినను కోతకు వచ్చుటకు ఏండ్లు పట్టును. కొట్టినంత వేగముగ చెట్టు తిరిగి రాలేదు. దాపున దొరకిన కఱ్ఱకై పనివారు దూరపు కొండలకు పోవలసివచ్చినది.

2006-07 సంవత్సరమున కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు లభించెను. అది పేరును కాపాడును, చెట్టును కాపాడదు. మొక్కలు నాటు ప్రయత్నములు ఇటీవల జరిగినవి. నాటుటకన్న నిలుపుట కష్టమని మీకు నేను చెప్పనక్కఱలేదు. ఇది రాతినేల చెట్టు; డెల్టా రేగడిలో ఇముడదు. కావున కొండ దిగువ మెట్టభూములుగల పెద్దలు బంజరు అంచులందు నాలుగేసి మొక్కలు నాటి, పశువులు మేయకుండ కంచె వేయింతురుగాక. నేడు నాటిన మొక్క మనుమల నాటికి బొమ్మ యగును. నాటకున్నచో వారికి పేరు మాత్రమే మిగులును.

స్వస్తి.