చల్లారిన బాయిలర్

బోధన్ పక్కన శక్కర్‌నగర్. పేరులోనే చక్కెర ఉన్న ఊరు. 2015 డిసెంబర్ 23న నిజాం షుగర్స్‌లో లే-ఆఫ్ ప్రకటించారు. ఆ తర్వాత అక్కడ చక్కెర మిగిలింది పేరులోనే.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో, 1937లో పుట్టిన ఫ్యాక్టరీ ఇది. మంజీర మీద కట్టిన నిజాంసాగర్ నీళ్లు చెరకు తోటలను పెంచాయి. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు చెప్పుకునేవారు.

చక్కెర ఫ్యాక్టరీ నడిచేది ఆవిరి మీద. నలిపిన చెరకు పిప్పే బాయిలర్‌కు కట్టె. ఆ మంటతో పుట్టిన ఆవిరి టర్బైన్లను తిప్పి, అవి దాటి వచ్చాక రసాన్ని కాచుతుంది. అంటే చెరకు తన వంట తనే వండుకుంటుంది.

చిక్కంతా మిల్లు ఉన్నట్టుండి ఆగినప్పుడే. గడలు ఇరుక్కుని రోలర్లు నిలిచిపోతే ఆవిరి అడిగేవాడుండడు. కొలిమిలో పిప్పి మాత్రం మండుతూనే ఉంటుంది. పాలగిన్నెలా దాన్ని దించి పక్కన పెట్టలేం కదా! గేజీలో ముల్లు ఎక్కుతుంది. పిప్పి తోయడం ఆపుతారు, గాలి తగ్గిస్తారు. అప్పటికీ తగ్గకపోతే సేఫ్టీ వాల్వ్ లేస్తుంది. స్ప్రింగ్‌ను తోసుకుని ఆవిరి గర్జిస్తూ ఆకాశంలోకి పోతుంది. కొత్తవాళ్ల గుండె ఝల్లుమంటుంది గానీ, అది మంచి మోత. భయపడాల్సింది వాల్వ్ మూగబోయినప్పుడు: మడ్డి పట్టి అతుక్కుపోయినప్పుడు, మాటిమాటికీ లేస్తోందని విసుగెత్తి ఎవరో స్ప్రింగ్ బిగించినప్పుడు.

1863లో కలకత్తాలో బాయిలర్ పేలాకే ఈ దేశంలో తనిఖీ చట్టాలు మొదలయ్యాయి. అందుకే సీజన్ ముగియగానే బాయిలర్‌ను చల్లార్చి, గొట్టాలు గీకి, వాల్వులు విప్పి నూరి, చన్నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూస్తారు. సర్టిఫికెట్ లేకుండా అగ్గి పెట్టకూడదు.

వాల్వ్ లేచినంత మాత్రాన అన్నిచోట్లా గండం గట్టెక్కదు. 1984 డిసెంబర్‌లో ఒక రాత్రి భోపాల్‌లో అది లేచి విషవాయువును వదిలింది. ఆ విషాన్ని కడగాల్సిన స్క్రబ్బర్, కాల్చాల్సిన ఫ్లేర్ ఆ రాత్రికి అక్కరకు రాలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ట్యాంకు తనంతట తనే వేడెక్కింది. బయటికి పొంగిన ఆవిరికి 12 మంది బలయ్యారు. బోధన్ ఆవిరి ఉత్త నీళ్లు. మబ్బులా లేచి కరిగిపోయేది.

ఆ ఫ్యాక్టరీ ఒత్తిడి పెరిగి పగలలేదు. 2002లో ప్రైవేటుపరమైంది. 51 శాతం వాటా డెల్టా పేపర్ మిల్స్‌కు పోయింది. పేరు నిజాం దక్కన్ షుగర్స్ అయింది. బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లూ అదే దారి పట్టాయి. తెలంగాణ వస్తే మళ్లీ సర్కారు చేతికొస్తుందని ఆశపడ్డవాళ్లు రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాదే తాళం చూశారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. బాయిలర్‌లో నీళ్లు తగ్గినా ప్రమాదమే, అందుకని గాజు గొట్టంలో మట్టం కనిపించేలా పెడతారు, దాని మీద కన్నేసి ఉంచడానికి ఒక మనిషి ఉంటాడు. ఫ్యాక్టరీకి చెరకు తగ్గిపోతుంటే మట్టం అందరికీ కనిపించింది. కన్నేసే పని ఎవరిదో ఎవరూ రాసుకోలేదు.

మంటలేని బాయిలర్‌లో ఒత్తిడి సున్నా. అంత భద్రంగా అది ఎన్నడూ లేదు. తిరిగి వెలిగించాలంటే ఏడు చేపల కథే. కొత్త సర్టిఫికెట్ కావాలి. దానికి తుప్పు తిన్న గొట్టాల మందం కొలవాలి, వాల్వులు విప్పాలి. ఆపైన కొలిమికి పిప్పి కావాలి, పిప్పికి చెరకు కావాలి. ఇవాళ నాటినా, గడ కోతకు రావడానికి దాదాపు ఏడాది.