పెట్రోల్‌కు బదులు ప్రొపేన్.. అమెరికా పికప్ ట్రక్కుల్లో ఈ గ్యాస్ ఎలా పనిచేస్తుంది? నిజంగా ఆదా అవుతుందా?

అమెరికాలో పికప్ ట్రక్కు అంటే రైతు నుంచి ఎలక్ట్రీషియన్ దాకా అందరికీ పనిముట్టే. బరువు లాగాలి, దూరం తిరగాలి. దాంతో పెట్రోల్ ఖర్చు కూడా గట్టిగానే ఉంటుంది. అందుకే అక్కడ కొందరు, ముఖ్యంగా పది ఇరవై బండ్లు నడిపే సంస్థలు ప్రొపేన్ గ్యాస్ వైపు చూస్తుంటాయి. ఈ గ్యాస్ పెట్రోల్ కన్నా చౌక అని వినిపించే మాటలో నిజమెంత? ఓసారి చూద్దాం.

అసలేంటీ ప్రొపేన్?

మన వంటగ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. అమెరికాలో వాహనాలకు వాడేది మాత్రం దాదాపు మొత్తం ప్రొపేనే. కారణం చలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా గ్యాస్‌గా మారగలదు. సహజ వాయువును శుద్ధి చేసేటప్పుడు, ముడి చమురు రిఫైనరీల్లో ఇది ఉప ఉత్పత్తిగా వస్తుంది. పెట్రోల్ నుంచి ఆవిరైపోతున్న వాయువుల్లో ప్రొపేన్ ఉందని 1910లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ స్నెల్లింగ్ గుర్తించారు.

బండిలో ఎలా పనిచేస్తుంది?

ట్యాంకులో ప్రొపేన్ ఒత్తిడి వల్ల ద్రవంగా ఉంటుంది. సీఎన్జీకి 200 బార్లకు పైగా ఒత్తిడి కావాలి. ప్రొపేన్‌కు మామూలు వాతావరణంలో 7, 8 బార్లు చాలు. ట్యాంకు నుంచి వచ్చిన ద్రవం వేపరైజర్‌లోకి వెళ్తుంది. ఇంజిన్‌ను చల్లబరిచే వేడి నీళ్లే దాన్ని గ్యాస్‌గా మారుస్తాయి. ఆ గ్యాస్ గాలితో కలిసి ఇంజిన్‌లోకి చేరుతుంది. ఇది పాత పద్ధతి. కొత్త వాటిలో ఇంజెక్టర్లే నేరుగా గ్యాస్‌ను లేదా ద్రవాన్ని చిమ్ముతాయి. ఫోర్డ్ ఎఫ్-250 లాంటి పికప్‌లకు రౌష్ క్లీన్‌టెక్ అనే సంస్థ ఇలాంటి వ్యవస్థలు తయారు చేసింది.

కొన్ని బండ్లు ప్రొపేన్‌తో మాత్రమే నడుస్తాయి. కొన్నింటిలో పెట్రోల్ ట్యాంకు కూడా అలాగే ఉంటుంది. గ్యాస్ అయిపోతే పెట్రోల్‌కి మారిపోవచ్చు. బంకులు దూరంగా ఉండే చోట ఇదే మేలు. అయితే అదనపు ట్యాంకును చాలాసార్లు వెనక తొట్టిలోనే బిగిస్తారు. అంతమేర సరుకు పెట్టే చోటు తగ్గుతుంది.

మైలేజీ తగ్గుతుంది, ఎందుకంటే..

ఒక గ్యాలన్ (సుమారు 3.78 లీటర్లు) ప్రొపేన్‌లో ఉండే శక్తి, అదే గ్యాలన్ పెట్రోల్‌తో పోలిస్తే పావు వంతుకు పైగా తక్కువ. పెట్రోల్‌తో గ్యాలన్‌కు 16 మైళ్లు వెళ్లే ట్రక్కు ప్రొపేన్‌తో 12 మైళ్ల దగ్గర ఆగుతుంది. ఇది బండి లోపం కాదు, ఇంధనం స్వభావమే అంత. ప్రొపేన్ ఆక్టేన్ మాత్రం 100 దాటుతుంది. అమెరికాలో మామూలు పెట్రోల్‌ది 87. అందుకే ఇంజిన్‌లో నాకింగ్ ఉండదు. కార్బన్ తక్కువ పేరుకుంటుంది, ఆయిల్ త్వరగా నల్లబడదు. కాకపోతే పాతకాలం ఇంజిన్లలో మెత్తటి వాల్వ్ సీట్లు అరిగిపోయే ప్రమాదం ఉంది.

లెక్క ఇలా వేసుకోవాలి

గ్యాలన్ ధర చూసి సంబరపడితే లాభం లేదు, మైలుకు ఎంతో చూడాలి. ఉదాహరణకు పెట్రోల్ 3 డాలర్లు అనుకుందాం. 16 మైళ్ల ట్రక్కుకు మైలుకు దాదాపు 19 సెంట్లు. ప్రొపేన్ ఒకటిన్నర డాలర్‌కు దొరికితే మైలుకు పన్నెండున్నర సెంట్లు, అంటే 6 సెంట్లు మిగులు. అదే ప్రొపేన్ రెండున్నర డాలర్లైతే మైలుకు 21 సెంట్లకు చేరి, పెట్రోలే చౌక అవుతుంది. మొత్తమ్మీద ప్రొపేన్ ధర పెట్రోల్ ధరలో నాలుగింట మూడు వంతులకు బాగా కింద ఉంటేనే ఆలోచించాలి.

ఇక మార్పిడి ఖర్చు. 6 వేల డాలర్లు అనుకుంటే, మైలుకు 6 సెంట్ల మిగులుతో అది తిరిగి రావడానికి లక్ష మైళ్లు తిరగాలి. అందుకే రోజంతా తిరిగే కంపెనీ బండ్లకు, సొంత ట్యాంకు పెట్టుకుని టోకు ధరకు గ్యాస్ కొనేవాళ్లకే ఇది కలిసొస్తుంది. వారాంతాల్లో బయటికి తీసే సొంత ట్రక్కుకు ఖర్చే మిగులుతుంది.

భద్రత మాటేంటి?

ట్యాంకును 80 శాతమే నింపుతారు. ఎండకు ద్రవం వ్యాకోచిస్తే చోటు కావాలి కాబట్టి 80 దగ్గర దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది. ప్రొపేన్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద, గుంతల్లో, సెల్లార్లలో పేరుకుంటుంది. ప్రొపేన్‌కు సొంత వాసన లేదు. లీకు తెలియడానికే ఘాటైన వాసన కలుపుతారు. ఆ వాసన వస్తే ఇంజిన్ ఆపేయాలి, వీలైతే ట్యాంకు వాల్వ్ కట్టేయాలి. లైట్లు, స్విచ్‌లు ముట్టుకోకుండా గాలి ఎటు నుంచి వీస్తోందో అటు వైపుగా బండికి దూరంగా వెళ్లాలి.

మన దగ్గర?

హైదరాబాద్ ఆటోల్లో ఎల్పీజీ కొత్తేం కాదు. మన దేశంలో 2000లో చట్ట సవరణతో వాహనాల్లో ఎల్పీజీకి అనుమతి వచ్చింది. 2001లో కేంద్రం దీనికోసం విడిగా నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. బండికి అనుమతి పొందిన కిట్టే వేయించాలి, ఆర్సీలో ఇంధనం మార్పు నమోదు చేయించాలి, బీమా కంపెనీకి చెప్పాలి. ఇంటి సిలిండర్ నుంచి బండిలోకి గ్యాస్ ఎక్కించడం మాత్రం నేరం. రోడ్డు పక్కన మోటారు పెట్టి ఎక్కించేటప్పుడు బయటికి వచ్చిన గ్యాస్ నేల మీదే పరుచుకుంటుంది. ఆ మోటారు నిప్పురవ్వ ఒక్కటి చాలు. సిలిండర్‌ను నేరుగా డిక్కీలో పెట్టుకున్నా అంతే. వాహన ట్యాంకుకు ఉండే రక్షణ వాల్వ్‌లేవీ దానికి ఉండవు.