చిన్న సారు

మా ఉట్నూరు వైపు గూడేల్లో బడికి ఇద్దరు సార్లుంటారు. ఒకరు పెద్ద సారు, బదిలీ ఆర్డరు పట్టుకొని వచ్చినాయన. రెండో మనిషి చిన్న సారు. పక్క గూడెం పోరడే, చదువు అయ్యాక విద్యా వాలంటీరుగానో, సీఆర్టీగానో చేరినవాడు. పెద్ద సారుకు ఆయన సాయం చేసేవాడే కావచ్చు. ఒకటో తరగతి పిల్లకు మాత్రం బడి అంటే ఆయనే.

గోండిలో 'ఏర్' అంటే నీళ్ళు. మేము పనిచేసిన ఒక బడిలో ఒక పిల్ల లేచి 'ఏర్' అని బయటికి చెయ్యి చూపింది. ఏటికి పోతానంటున్నదనుకొని కొత్త సారు కసిరి కూర్చోబెట్టాడు. పాపం, ఆయన తప్పేముంది, ఆయనకు వచ్చిన తెలుగు అదే. ఆ పిల్ల దాహంతోనే మధ్యాహ్నం దాకా కూర్చున్నది. మరునాడు బడికి రాలేదు.

ఈ చిక్కును మనవాళ్ళు ఎనభై ఏండ్ల కిందటే ఒకసారి దాటారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక, గోండుల గోస ఏమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. బయటి నుంచి సార్లను తేలేదు. కాస్తో కూస్తో మరాఠీ అక్షరాలు వచ్చిన గోండు యువకులనే కూర్చోబెట్టి నేర్పారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చువేశారు. పిల్ల ముందు తన మాటను చదివింది, తర్వాతే పరాయి మాటను. అక్కడ తయారైనవాళ్ళు పంతుళ్ళుగానే ఆగిపోలేదు, కొందరు సర్కారు కొలువుల్లోకీ వెళ్ళారు. పట్టా కాగితంలో ఏమున్నదో చదివి చెప్పగలవాడు గూడెంలోనే ఉండడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

తర్వాత రాజ్యాలు మారాయి. 1956 తర్వాత బడి తెలుగుదైంది, గోండి వాచకాలు మూలకు పడ్డాయి. సర్టిఫికెట్ ఉన్నవాడే సారు అన్నారు. గూడేల్లో సర్టిఫికెట్ ఎవరి దగ్గరుంది? (కరీంనగర్ వైపు నాయకపోడు పిల్లలకు ఇంట్లోనూ తెలుగే కాబట్టి అక్కడ భాష చిక్కు ఇంతగా కనపడదు. అక్కడి ఇబ్బందులు వేరు.)

2000 జనవరి 10న వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. మా ఈడు వాళ్ళు చాలామంది ఆ జీవో చూసే ట్రైనింగ్‌కు పోయారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళను కదపలేదు. వెనక వచ్చే పిల్లలకే ఆ తలుపు మూసుకుపోయింది. కోర్టు సమానత్వం మాట మాట్లాడింది, కాదనం. కానీ నీళ్ళడిగిన పిల్ల మాట అర్థం కావడం కూడా ఒక అర్హతేనని మేమంటాం. ఏ పరీక్షలోనూ దానికి మార్కులు లేవు.

ఇప్పుడు ఆ పని చేస్తున్నది చిన్న సారే. గౌరవ వేతనం మీద, ఏటేటా కొత్త ఆర్డరు కోసం ఎదురుచూస్తూ. మా బడిలో ఆ పిల్లను వెతుక్కుంటూ ఇంటికి పోయింది ఆయనే. వాకిట్లో కూర్చొని గోండిలో మాట్లాడి, మూడో రోజు వెంట తీసుకొచ్చాడు. ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతి. జూన్‌లో బడి తెరిచిన రోజు వాళ్ళ అమ్మ తన చిన్నకొడుకును తీసుకొచ్చి, లోపలికి పంపకముందే మమ్మల్ని అడిగింది: "సార్, చిన్న సారు ఈ ఏడు వస్తడా?" ఆర్డరు ఇంకా రాలేదని చెప్పాం.