కొండగోగు కథ

మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి సాలూరు, పార్వతీపురం కొండలు బోసిపోతాయి. ఆకంతా రాలి, రాళ్ళు బయటపడి, చూడ్డానికే దిగులుగా వుంటాయి. ఆ మోళ్ళ మధ్య ఒక్క ఆకైనా లేకుండా, కొమ్మల చివర పెద్ద పెద్ద పసుపుపచ్చని పూలతో ఒక చెట్టు నిలబడి వుంటుంది. అదే కొండగోగు.

గోగునార పండే విజయనగరం వారికి ఆ పేరెందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. వానాకాలంలో దాని ఆకు గోగాకులాగే వేళ్ళు చాపుకుని వుంటుంది. అంతమాత్రాన రెండూ చుట్టాలనుకోకండి. కాయ పగిలితే పట్టులాంటి దూది వస్తుంది, దిండ్లలో కూరుకునేవారు. ఆ దూది చూసే కాబోలు, 1753లో లిన్నేయస్ పండితుడు దీన్ని బూరుగుతో జతకట్టాడు. 1822లో కుంత్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ జాతిని విడదీసి, గ్రీకు భాషలో ‘నత్తగింజ’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. గింజ నత్తగుల్లలా చుట్టుకుని వుంటుంది మరి!

ఈ జాతిలో వున్నవి డజను రకాలే. అన్నీ వేడి దేశాలవే. పశ్చిమ ఆఫ్రికాలో ఒకటుంది, పొట్టి పొద. అక్కడి గడ్డిమైదానాలు ఏటా తగలబడుతుంటాయి. పైనున్నదంతా బూడిదైనా నేల లోపలి మొదలు చావదు. ఆకుకంటే ముందు పువ్వే, నేలను అంటుకుని, ఆ బూడిదలోంచి వస్తుంది! దాని వేరుతో బట్టలకు పసుపు రంగు వేస్తారు. బ్రెజిల్‌లోని చుట్టానిదీ ఇదే తీరు. మన కొండగోగు చెట్టుగా ఎదిగినా ఆ వంశగుణం పోలేదు. చిన్న మొక్కప్పుడే వేరు లావెక్కుతుంది. పైన మాడినా తొలకరికి మళ్ళీ చిగురు వేస్తుంది.

మన కొండలకు మంట కొత్తదా? సవరలు, జాతాపులు తరతరాలుగా పోడు కొట్టారు. వేసవిలో తుప్పలు నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో చోళ్ళు, సామలు, కందులు చల్లేవారు. కొన్నేళ్ళయ్యాక ఆ వాలును వదిలేస్తే మళ్ళీ అడవయ్యేది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీసినచోట పోడు నేరమైంది. జనం పెరిగి, మిగిలిన కొండనే పదే పదే కాల్చేసరికి నేలకు విశ్రాంతి కరువైంది.

ఇక కొండగోగు బెరడుకు గాటుపెడితే బంక కారుతుంది. అడవి సరుకునంతా షావుకార్లు సంతల్లో ఉప్పుకీ గుడ్డకీ చవగ్గా కొట్టేసేవారు. అందుకే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. అయినా అప్పులూ, అన్యాక్రాంతమైన భూములూ అలాగే వుండి, 1967 తర్వాత శ్రీకాకుళం కొండలు రగిలిన సంగతి తెలిసిందే.

1990లలో హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఈ బంక ఆహారపదార్థాల్లో వాడొచ్చా అని పరీక్షించారు. వాళ్ళ వ్యాసాలతో ‘కొండగోగు’ అన్న మన మాటే ఆ బంక పేరుగా పరదేశ పత్రికలకెక్కింది. ముచ్చటగా లేదూ?

కానీ నాలుగు గింజల బంక ఎక్కువ రావాలని గాటు లోతుగా దించితే, మంటకు చావని చెట్టు గొడ్డలికి చస్తుంది. గాటు పైపైన పెట్టి, అది మానేదాకా ఆగాలి. మూట నెత్తిన పెట్టుకుని సంతకు దిగే ఆడమనిషికి గిట్టే ధర దొరికితేనే కదా, అంతవరకూ ఆగగలిగేది!