కాకినాడ–కోటిపల్లి రైలు: పీకిన పట్టాలు మళ్ళీ వేస్తే అయ్యే ఖర్చు, పడే తిప్పలు

యానాంలో రైల్వే స్టేషన్ లేదు. పుదుచ్చేరిలో ఆఫీసు పనిబడినా, పిల్లల చదువు కోసం వెళ్ళాల్సి వచ్చినా సుమారు 30 కిలోమీటర్లు కాకినాడ పోయి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాం. మన పక్కనే రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా ఒక లైను ఉంది. అది మళ్ళీ ఎప్పుడు సరిగా నడుస్తుందని సంఘానికి వచ్చేవారు అడుగుతూనే ఉంటారు. మాకు తెలిసిన సంగతులు ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తాయనుకున్నాం.

ఈ లైను మొదట వేసింది 1928లో. పొడవు 45 కిలోమీటర్లు. అప్పటికి యానాం ఫ్రెంచివారి పాలనలో ఉంది, లైనేమో ఇంగ్లీషువారిది. పన్నెండేళ్ళే నడిచింది. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావలసివచ్చి 1940లో పట్టాలు ఊడదీసుకుపోయారు. తిరిగి రైలు వచ్చింది 2004లో. అంటే 64 ఏళ్ళు. పీకడానికి పట్టిన కాలం, వేయడానికి పట్టిన కాలం పక్కపక్కన పెట్టి చూసుకోండి.

పాత కట్ట ఉంది గదా, పట్టాలు పరిస్తే సరిపోదా అని చాలామంది అనుకుంటారు. సరిపోదు. వాడకుండా వదిలేసిన కట్ట కొన్నేళ్ళకు బండిబాట అవుతుంది, పక్క పొలంలో కలిసిపోతుంది, ఊరు దగ్గరైతే ఇళ్ళే లేస్తాయి. ఖాళీ చేయించడానికి కోర్టులు, నష్టపరిహారాలు. పైగా మనది డెల్టా. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, కట్ట కుంగుతుంది. గట్టి మట్టి, కంకర మెట్ట ప్రాంతం నుంచి లారీల మీద తోలుకురావాలి. అడుగడుగునా కాలువలు, బోదెలు. ఒక్కొక్కదానికి తూమో కల్వర్టో కట్టకపోతే ఎగువ చేలు మునుగుతాయి.

గేట్ల సంగతి ఇంకొకటి. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లు 2019 జనవరికల్లా తీసేశామని రైల్వే చెప్పింది. ఇకమీదట గేటుగేటుకీ మనిషిని పెట్టాలి, లేదా కిందనుంచి దారి తవ్వాలి. డెల్టాలో కిందనుంచి తవ్విన దారిలో వానాకాలం నీళ్ళు నిలుస్తాయని వేరే చెప్పనక్కరలేదు.

2004 తర్వాత ఈ లైను మీద తిరిగింది ఎక్కువగా రైలుబస్సే. ఒకటే పెట్టె, నింపాదిగా పోయేది. కోటిపల్లి శివరాత్రికి జనం బాగానే ఎక్కేవారు, మామూలు రోజుల్లో పలుచన. కొన్నేళ్ళుగా అదీ ఆగింది. మన వైపు జనం రోడ్డుకు అలవాటు పడ్డారనేది నిజం. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో వచ్చాక బస్సు, ఆటో చాలా దూరం తగ్గించాయి.

ఆ వంతెనకు పేరు పెట్టిన జి.ఎం.సి. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లోనే, 2000–01 బడ్జెట్లో, కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి కొత్త లైను మంజూరైంది. 57 కిలోమీటర్లు. ఆయన 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలకూ వంతెనలు కావాలి. వెయ్యి కోట్ల లోపు మొదలైన అంచనా ఆలస్యమయ్యేకొద్దీ రెండు వేల కోట్లు దాటింది. నాలుగో వంతు రాష్ట్రం వాటా, అంటే 500 కోట్లు పైమాటే. గౌతమిలో స్తంభాలు లేచాయి. ముక్తేశ్వరం రేవుకు జనం పంటు మీద దాటుతూ ఆ స్తంభాలను చూస్తున్నారు.

అసలు చిక్కు ఇక్కడుంది. కోటిపల్లి దగ్గర ఆగిపోయే లైనుకు రాబడి తక్కువ. నరసాపురం కలిస్తేనే అది దారి అవుతుంది. కాకినాడ నుంచి భీమవరం వైపు పోయే బండికి అడ్డదారి దొరుకుతుంది, కోనసీమ కొబ్బరికి, ధాన్యానికి వ్యాగన్లు దొరుకుతాయి. కాబట్టి రైలుబస్సు మళ్ళీ తిప్పమని అడగడంతో ఆగితే నాలుగేళ్ళకు మళ్ళీ ఆగుతుందని మా అభిప్రాయం.

మనవాళ్ళకు కారైకాల్ ఉదాహరణ చెప్పాలి. మన కేంద్రపాలిత ప్రాంతంలోదే. 1898లో వేసిన పేరళం–కారైకాల్ లైను 1980ల్లో మూతపడి, పట్టాలు పోయాయి. ఆ 23 కిలోమీటర్లూ బ్రాడ్‌గేజ్‌గా మళ్ళీ వేయడానికి 300 కోట్లకు పైగా అయింది, 2025లో ట్రయల్ రన్ జరిగింది. కిలోమీటరుకు 13 కోట్లు చొప్పున పడింది. కోటిపల్లి–నరసాపురానికి కిలోమీటరుకు 35 కోట్లు. తేడా చాలామటుకు గోదావరి పాయల వల్లే.

కారైకాల్‌కు ఉన్న వెసులుబాటు మనకు లేదు. అక్కడ లైను చివర వాళ్ళ ఊళ్ళోనే ఆగుతుంది. మనకు లైను మొత్తం ఆంధ్రప్రదేశ్ భూమి మీద ఉంది, మన ఎంపీ పుదుచ్చేరి ఎంపీ. అమలాపురం, కాకినాడ ఎంపీలకు మనం ఓటర్లం కాము. అందుకే సంఘం తరఫున రెండు వినతిపత్రాలు రాశాం. ఒకటి పుదుచ్చేరి ఎంపీకి, ఒకటి రైల్వే వారికి. అందులో అడిగినవి: ఉన్న లైను మీద కాకినాడలో సర్కార్ ఎక్స్‌ప్రెస్‌కు అందేలా ఉదయం సాయంత్రం ఒక్కో బండి, యానాం నుంచి ద్రాక్షారామం స్టేషనుకు ఆ వేళకు బస్సు, నరసాపురం పనికి ఏటా ఎంత ఇస్తారో ముందే చెప్పడం. కాగితాలు సంఘం కార్యాలయంలో ఉన్నాయి. సంతకం పెట్టేవారు ఆదివారం తప్ప ఏ సాయంత్రమైనా రావచ్చు.