ఆటలో యోధుల బలాబలములు

పులిజూదము తెలుగు పల్లెలకు పాత ఆట. మహబూబాబాద్ జిల్లాలోని పెద్దవంగర వంటి ఊళ్లలో దీనికి పలకగాని కొయ్యబల్లగాని అక్కరలేదు. బండమీద సుద్దముక్కతోనో బొగ్గుతోనో పటము గీసి, గులకరాళ్లను పులులుగాను, చింతగింజలను మేకలుగాను పెట్టుకొని కూర్చుండిన చాలును. ఎక్కువ వాడుకలో నున్న పటమున 3 పులులు, 15 మేకలు ఉండును. పులి తన పక్కనున్న మేకను దాటి, ఆవలి ఖాళీ చోట దిగి, ఆ మేకను చంపును. మేకకు చంపు శక్తి లేదు. కాని మేకలన్నియు కలిసి పులులను కదలకుండ కట్టివేసినచో గెలుపు మేకలదే.

ఇక్కడ విద్యార్థికి ఒక ప్రశ్న తోచవలెను. బలమైన మూడింటికి బలహీనమైన పదునైదింటిని ఎదురు నిలిపిన ఈ ఆట న్యాయమైనదేనా? మేకలు 15 ఏల? 10 గాని 20 గాని ఏల కారాదు?

పటమును లెక్కించిన కొంత సమాధానము దొరకును. శిఖరమున ఒక చోటు, మూడు అడ్డగీతలపై ఆరేసి చోట్లు, అడుగు గీతపై నాలుగు చోట్లు, మొత్తము 23. పులులు, మేకలు అన్నియు చేరినప్పుడు 18 చోట్లు నిండి 5 ఖాళీగా మిగులును. మేకలను పెంచినకొలది పులికి దుముకుటకు తావు తగ్గును. తగ్గించినకొలది మేకల కట్టు సడలును. నేపాళమునందలి బాగ్‌చాల్ అను ఆటలో పటమునకు 25 చోట్లు. పులులు 4, మేకలు 20. అక్కడ ఒక్క మేకయు చావనిచో మిగులునది ఒకే ఖాళీ. పటము మారినచోట సంఖ్యలును మారినవి. బలము అనునది పావులో మాత్రమే లేదు. అది పావునకును, చోటునకును, సంఖ్యకును గల సంబంధములో ఉన్నది.

క్రొత్తగా నేర్చినవాడు మేకలను పట్టి ఓడిపోయి, “ఇది పులుల ఆట” అని మొరపెట్టుకొనుట సాధారణము. ఈ మొర నిజమేనా? బాగ్‌చాల్ విషయమున కంప్యూటరు దీనికి జవాబు చెప్పినది. లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్గెల్ట్ అను శాస్త్రజ్ఞులు ఆ ఆటను కంప్యూటరుతో శోధించిరి. 2009లో ప్రచురితమైన వారి వ్యాసము తేల్చినదేమనగా, ఇరువురును తప్పు లేకుండ ఆడినచో ఆట సమముగా ముగియును. కనుక క్రొత్తవాని ఓటమికి కారణము నియమము కాదు, నేర్పులేమి. అయినను వాని బాధ అబద్ధము కాదు. ఒకే నియమము నేర్పరికి సమముగాను, క్రొత్తవానికి అసమముగాను ఉండవచ్చును.

రెండు పక్షముల బలగము ఒక్కటే అయిన చదరంగమునకు ఈ చిక్కు లేదనుకొనరాదు. అక్కడ తెల్లపావులు ముందు కదలును. గెలుపునకు ఒకటి, సమమునకు అర చొప్పున లెక్కించినచో, పెద్ద ఆటగాండ్ర పోటీలలో నూటికి 54, 55 పాళ్లు తెల్లపక్షమునకు దక్కుచున్నవి. 2024 డిసెంబరులో 2800 రేటింగును దాటిన వరంగల్లు యువకుడు ఇరిగేశి అర్జున్ అంతటివాడును పోటీలలో రంగు మార్చుకొనుచు ఆడవలసినదే. చదరంగపు యోధుల శక్తులును స్థిరముగా లేవు. పూర్వము మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే నడిచెడువాడు. సుమారు 1475 ప్రాంతమున స్పెయిను దేశపు వాలెన్సియాలో ఆ పావునకు నేటి సుదీర్ఘ గమనము వచ్చినట్లు ఆధారములు కలవు. ఒక్క పావు బలము పెరుగుటతో ఆట యంతయు వేగము పుంజుకొన్నది.

ఇదే సమస్య ఇరువదవ శతాబ్దమున మరియొక రూపమున వచ్చినది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పాత్రధారణ క్రీడను వెలువరించిరి. అందు ఆటగాడు యోధుడుగానో, మాంత్రికుడుగానో, మతాచార్యుడుగానో వేషము కట్టి, అనుభవముతో అంతస్తులు ఎక్కును. మొదట మాంత్రికుడు దుర్బలుడు. యోధుడే అతనికి అండ. కాని మాంత్రికుని అగ్నిగోళము అంతస్తుకొక పాచిక చొప్పున బలము పెంచుకొనుటయే గాక, ఒక్క దెబ్బతో పలువురిని కాల్చును. అతనికి మంత్రముల సంఖ్యయు పెరుగును. యోధుని బలము కూడికవలె పెరుగగా, మాంత్రికుని బలము గుణకారమువలె పెరిగినది. చివరకు యోధపాత్రధారి, తాను ఆటలో ఏల ఉన్నానా యని అడుగవలసి వచ్చినది.

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనువారు ‘మడ్’ అను క్రీడతో ఇట్టి లోకమును కంప్యూటరులోనికి తెచ్చిరి. 2004 నవంబరులో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో లక్షలాది జనులు ఇంటర్నెట్టు ద్వారా ఒకే లోకమున చేరిరి. అందలి యోధుని కథ మన ప్రశ్నకు మంచి నిదర్శనము.

ఆ ఆటలో మాంత్రికుడు నిండిన శక్తితో యుద్ధము మొదలుపెట్టును. యోధుని శక్తి పేరు ‘రేజ్’, అనగా రోషము. అది మొదట సున్న. కొట్టినను, దెబ్బ తిన్నను పెరుగును. తొలి నియమము ప్రకారము, కొట్టుటవలన వచ్చు రోషము ఆ దెబ్బ తీవ్రతను బట్టి ఉండెను. మంచి కత్తి గలవాని దెబ్బ గట్టిది. గట్టి దెబ్బకు ఎక్కువ రోషము. ఎక్కువ రోషముతో ఇంకను ప్రత్యేకమైన దెబ్బలు. ఫలితము తిరిగి కారణమునే బలపరచుచున్నది. మైకు ముందర లౌడుస్పీకరు పెట్టినప్పుడు కూత పెరిగి పెరిగి చెవులు చిల్లులు పొడుచుటయు ఇట్టిదే. మంచి ఆయుధము గల యోధుడు మితిమీరుచుండగా, లేనివాడు రోషము చాలక చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చెను.

2006 డిసెంబరులో నిర్మాతలైన బ్లిజార్డ్ వారు సూత్రమును మార్చి, దెబ్బ తీవ్రతతోపాటు ఆయుధము కొట్టు వేగమును గూడ లెక్కలోనికి తీసికొనిరి. దానితో పెరుగుదల కొంత అణగినది. వెంటనే చాలమంది యోధపాత్రధారులు తమ బలము తెగిపోయినదని మొరపెట్టిరి. నెలల తరబడి శ్రమించి ఆయుధములు కూర్చుకొన్నవారికి ఒక్క రాత్రిలో వాని విలువ తగ్గుట నిజమైన నష్టమే. అయితే మొరపెట్టినవారిలో ఎక్కువమంది ఎవరు? నష్టపడినవారే. లాభపడినవారు మౌనముగా ఆడుకొనుచుందురు. కనుక మొర ఒక సాక్ష్యమే గాని తీర్పు కాదు.

తీర్పునకు లెక్క కావలెను. తరగతిలో ఈ పరీక్ష చేయవచ్చును. నేర్పులో సమానులైన ఇద్దరు విద్యార్థులను, పక్షములు మార్చుకొనుచు పులిజూదమాడించి, సమముగా ముగిసినవానిని విడిచి 20 ఆటల ఫలితములు వ్రాయవలెను. పులులు 13, మేకలు 7 గెలిచినవనుకొందము. పులులకే మొగ్గు కలదని చెప్పవచ్చునా? చెప్పరాదు. బలములు సరిసమానమైనను, 20 ఆటలలో ఏదో ఒక పక్షము 13 గాని అంతకు మించిగాని గెలుచుట నూటికి 26 మార్లు యాదృచ్ఛికముగానే జరుగును. అదే నిష్పత్తిలో 200 ఆటలలో 130 గెలుపులు వచ్చినచో, అది యాదృచ్ఛికమగుటకు అవకాశము పదివేలలో ఒకటికన్న తక్కువ. అప్పుడు నియమమును అనుమానింపవచ్చును. తరువాత క్రొత్తవారి లెక్కను, నేర్పరుల లెక్కను వేరువేరుగా చూడవలెను. యోధుల విషయమున ఒంటరి ద్వంద్వమునకును, గుంపు యుద్ధమునకును వేరు లెక్కలుండవలెను. ఒకచోట సరిచేసిన తూకము మరియొకచోట చెడవచ్చును.

లెక్క తేలిన తరువాత కూడ ఒక ప్రశ్న మిగులును: నియమమును మార్చు హక్కు ఎవరిది? పులిజూదమున ఒక మేకను పెంచవలెనన్నచో ఎదుట కూర్చున్నవాడు సరే యనవలెను. అతడు ఒప్పుకొనడేని పాత లెక్కయే. ఇంటర్నెట్టు క్రీడలో మార్పు నిర్మాత చేతిలో నుండును. లక్షలమందికి ఒకేసారి వర్తించును. ఆటగాడు మాట చెప్పగలడు, లేదా ఆట మానగలడు. అందుచేతనే నిర్మాత మొరలను వినుటయు, మార్పునకు కారణమును, లెక్కను అందరి ఎదుట పెట్టుటయు అవసరము. పటము ముందు కూర్చుండిన పిల్లలు, మేకలు ఎన్ని యుండవలెనో వాదించుకొనునప్పుడు ఉపాధ్యాయులు వారిని వారింపక, ఒక కాగితము చేతికిచ్చి గెలుపోటములు వ్రాయుమని చెప్పుట మేలు.