టర్బో పెట్రోలు ఇంజను: నీళ్ళ ట్యాంకు నించి నాక్ సెన్సార్ దాకా

టర్బో పెట్రోలు కారు కొందామనుకునేవాళ్ళు మైలేజీ తర్వాత అడిగే ప్రశ్న ఒకటుంది: "పికప్ సరే, ఇంజను నిలబడుతుందా?" తీసిపారేయాల్సిన అనుమానం కాదిది. దీని వెనక 60 ఏళ్ళ పైబడిన చరిత్ర వుంది. ఆ చరిత్ర చదివాక నాకు ఏర్పడ్డ అభిప్రాయం ఏంటంటే, ఈ ఇంజన్లకి చెడ్డపేరు వచ్చింది ఇనుము బలం చాలక కాదు. వాటిని తయారుచేసినవాళ్ళు కారు యజమాని బాధ్యత మీద మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకోవడం వల్ల. సాఫ్ట్‌వేర్‌లో వున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. యూజర్ మాన్యువల్ చదువుతాడని నమ్మి రాసిన ప్రోగ్రాము గతేంటో మనకి తెలుసు కదా :)

ముందు రెండు ముక్కల్లో అసలు సంగతి. ఇంజను ఎంత గాలి పీల్చగలిగితే అంత పెట్రోలు కాల్చగలదు. సైలెన్సర్ లోంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకి రెండో చివర వున్న చక్రంతో గాలిని నొక్కి సిలిండర్లోకి పంపిస్తే అదే టర్బోచార్జర్. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత విమానాలకీ, ఓడలకీ, లారీలకీ బాగానే పనికొచ్చింది. చిక్కంతా పెట్రోలు కారు దగ్గరే.

డీజిల్ ఇంజను నొక్కేది ఉత్త గాలిని. నూనె చివర్లో వచ్చి పడుతుంది. ఆ రోజుల పెట్రోలు ఇంజన్లో అయితే గాలీ పెట్రోలూ కలిసే నలుగుతాయి. టర్బో దానికి ఇంకా వత్తిడీ వేడీ జోడిస్తుంది. దాంతో స్పార్క్ ప్లగ్ అంటించిన మంట సిలిండర్లో చివరిదాకా పాకకముందే, మిగిలిన మిశ్రమం దానంతటదే భగ్గుమంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. సుత్తితో కొట్టినట్టు టకటకా చప్పుడొస్తుంది. అలాగే తోలుతూ పోతే చివరికి పిస్టన్ పగలొచ్చు, దానికి చిల్లే పడొచ్చు. టర్బో పెట్రోలు ఇంజను చరిత్ర మొత్తం ఈ నాకింగ్‌తో చేసిన యుద్ధమే.

మొదటి యుద్ధం 1962లో అమెరికాలో జరిగింది. జనరల్ మోటార్స్ ఆ ఏడాది ఒకేసారి రెండు టర్బో కార్లు దించింది. షెవర్లే కోర్వెయిర్ మోంజా స్పైడర్ వాళ్ళు భద్రమైన దారి పట్టారు. కంప్రెషన్ రేషియోని 8:1కి తగ్గించి, గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల ఇంజను నించి 150 హార్స్‌పవర్ రాబట్టారు. ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ వాళ్ళు మాత్రం సాహసం చేశారు. 215 క్యూబిక్ అంగుళాల (3.5 లీటర్ల) అల్యూమినియం వీ8 ఇంజన్లో 10.25:1 కంప్రెషన్ అలాగే వుంచి, దాని మీద గారెట్ టర్బోతో 5 పీఎస్ఐ వత్తిడి ఎక్కించారు. 215 హార్స్‌పవర్ వచ్చింది. అంటే క్యూబిక్ అంగుళానికి ఒక హార్స్‌పవర్, ఆ రోజుల్లో గొప్పే.

మరి నాకింగ్ సంగతి? దానికో ట్యాంకు పెట్టారు. సగం డిస్టిల్డ్ వాటరు, సగం మెథనాల్ కలిపిన ద్రవం, దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని ఘనమైన పేరు. యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు ఈ ద్రవం లోపలికి చిమ్మి మిశ్రమాన్ని చల్లబరుస్తుంది. ఇంజనీరింగ్ పరంగా వంక పెట్టలేం. రెండో ప్రపంచయుద్ధంలో ఫైటర్ విమానాలకి వాడిన ఉపాయమే ఇది. కాకపోతే విమానం వెనక గ్రౌండ్ సిబ్బంది వుంటారు. కారు వెనక ఎవరుంటారు? పెట్రోలు పోయించుకోవడానికే బద్ధకించే మనిషి, ఎప్పటికప్పుడు గుర్తుపెట్టుకుని ఇంకో ట్యాంకు నింపాలి!

వాళ్ళు అంత గుడ్డిగానూ నమ్మలేదు లెండి. ద్రవం తగ్గితే తెలియజేయడానికి ఒక ఏర్పాటు పెట్టారు. అయిపోతే టర్బో వత్తిడి పెరగకుండా ఆపే వాల్వు కూడా పెట్టారు. కానీ దాని ఫలితమేంటి? ద్రవం పోయని యజమానికి కారు నీరసంగా నడుస్తుంది. "ఇంత డబ్బు పెట్టి టర్బో కొంటే ఇదా?" అని డీలరు దగ్గరికి పోతాడు. టర్బో ఎలా వుంటుందో అంతకుముందు చూడని మెకానిక్కులకి అదో తలనొప్పి. రెండేళ్ళలో 9,607 కార్లు తయారై జెట్‌ఫైర్ కథ ముగిసింది. 1965లో కంపెనీయే, కావాలన్నవాళ్ళకి టర్బో పీకేసి మామూలు నాలుగు బ్యారెళ్ళ కార్బొరేటర్ ఉచితంగా పెట్టిస్తామంది. మన భాషలో రోల్‌బ్యాక్ అన్నమాట.

ఆ ఇంజను మాత్రం చెడ్డది కాదు. దాని బ్లాకు ఆధారంగా ఆస్ట్రేలియా కంపెనీ రెప్కో తయారుచేసిన రేసింగ్ ఇంజనుతోనే జాక్ బ్రాభమ్ 1966 ఫార్ములా వన్ చాంపియన్ అయ్యాడు. ఇదే ఇంజనుకి బ్యూయిక్ వాళ్ళ రకం ఇంకోటుంది. దాని హక్కులు బ్రిటన్‌లోని రోవర్ కొనుక్కుని, రేంజ్ రోవర్లతో సహా దశాబ్దాలపాటు వాడుకుంది. రెండూ కవలలే గానీ, సిలిండర్ హెడ్డు దగ్గర తేడా వుంది. బ్యూయిక్‌లో ఒక్కో సిలిండర్ చుట్టూ 5 బోల్టులు, ఓల్డ్స్‌మొబీల్‌లో 6. ఎక్కువ కంప్రెషన్‌కి హెడ్డు వంగిపోకుండా ఆ ఆరోది వేశారు. అందుకని బ్యూయిక్ హెడ్డు ఓల్డ్స్‌మొబీల్ బ్లాకు మీద కూర్చుంటుంది, దాని హెడ్డు దీని మీద కూర్చోదు. కంపాటిబిలిటీ అనేది రెండు వైపులా వుండాలని రూలేం లేదని అప్పుడే తేలిపోయింది.

తర్వాత పదేళ్ళకి జర్మన్లు వచ్చారు. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో 170 హార్స్‌పవర్‌తో, 1974లో పోర్షే 911 టర్బో 260తో. ఇద్దరూ నాకింగ్‌ని తప్పించుకోవడానికి కంప్రెషన్ దారుణంగా తగ్గించారు, ఒకరు 6.9:1, ఇంకొకరు 6.5:1. దాంతో టర్బో అందుకునేదాకా కారు బద్ధకంగా కదిలి, తర్వాత ఒక్కసారిగా ఎగిరి దూకేది. రేసు డ్రైవర్లకి సరదా, ఆఫీసుకెళ్ళేవాడికి దండగ. పైగా బీఎండబ్ల్యూ వచ్చీరాగానే చమురు సంక్షోభం వచ్చిపడింది. 1,672 కార్లతో సరిపెట్టుకుంది.

అసలు మలుపు స్వీడన్‌లో వచ్చింది. సాబ్ చిన్న కంపెనీ. కొత్తగా ఆరు సిలిండర్ల ఇంజను తయారుచేసే స్తోమత లేదు. చేతిలో వున్నది బ్రిటన్‌లోని ట్రయంఫ్ నించి వచ్చి, తర్వాత సొంతంగా మార్చుకున్న 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను. 1969లో లారీల కంపెనీ స్కానియాతో విలీనమైంది కాబట్టి టర్బో డీజిళ్ళ అనుభవం ఇంట్లోనే వుంది. పెర్ గిల్‌బ్రాండ్ అనే ఇంజనీరు బృందం ప్రశ్ననే మార్చేసింది. ఎక్కువ స్పీడులో ఎంత పవర్ వస్తుంది అని కాకుండా, మామూలు మనిషి రోజూ తోలే స్పీడులో ఎంత లాగుతుంది అని చూశారు. చిన్న టర్బో పెట్టారు, తొందరగా తిరుగుతుంది. వత్తిడి 0.7 బార్ దాటబోతే వేస్ట్‌గేట్ అనే తలుపు తెరుచుకుని మిగతా పొగ పక్కదారిన పోతుంది. 1977లో వచ్చిన 99 టర్బో స్పెసిఫికేషన్లు ఇవీ: 1985 సీసీ, 145 హార్స్‌పవర్, 3000 ఆర్పీఎం దగ్గరే 235 న్యూటన్ మీటర్ల టార్క్. కంప్రెషన్ మాత్రం ఇంకా 7.2:1 దగ్గరే వుంది. పెట్రోలు బంకులో ఏ రకం పోస్తారో కంపెనీకి తెలీదు కాబట్టి ఆ జాగ్రత్త.

1982 మోడల్‌కి ఆ జాగ్రత్త అవసరం తీరింది. ఏపీసీ అని ఒక పద్ధతి తెచ్చారు. ఇంజను బ్లాకుకి ఒక సెన్సార్ బిగించి నాకింగ్ చప్పుడు వినడమే దాని పని. వినబడగానే ఎలక్ట్రానిక్ యూనిట్ వేస్ట్‌గేట్‌ని తెరిపించి వత్తిడి తగ్గిస్తుంది, చప్పుడు ఆగితే మళ్ళీ పెంచుతుంది. నాక్ సెన్సార్‌ని 1978లోనే బ్యూయిక్ టర్బో వీ6 వాడింది గానీ, అక్కడ స్పార్క్ టైమింగ్ మాత్రమే వెనక్కి జరిగేది. సాబ్ ఏకంగా టర్బో వత్తిడినే అదుపు చేసింది. దాంతో కంప్రెషన్ 8.5:1కి పెంచగలిగారు. మంచి పెట్రోలు పోస్తే పూర్తి పవర్, నాసిరకం పోస్తే కొంచెం తక్కువ, ఇంజనుకి మాత్రం ప్రమాదం లేదు. జెట్‌ఫైర్ యజమానిని అడిగిన పనిని ఇక్కడ ఇంజను తనంతట తనే చేసుకుంది. టర్బో పెట్రోలు కారు ఇంటి కారు అయింది ఇక్కడే అని నా అభిప్రాయం.

అంతమాత్రాన సాబ్‌కి జబ్బులు లేవని కాదు. తొలి రోజుల టర్బోలని చల్లబరిచేది ఇంజనాయిల్ ఒక్కటే. హైవే మీద దంచికొట్టి వచ్చి టక్కున ఆఫ్ చేస్తే, మండిపోతున్న బేరింగుల్లో ఆగిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఆపేముందు కాసేపు ఐడిల్‌లో వుంచమని చెప్పేవాళ్ళు. ఎంతమంది వుంచారంటారు? చివరికి 1980ల్లో టర్బో నడుం చుట్టూ రేడియేటర్ నీళ్ళు తిరిగే ఏర్పాటు వచ్చింది. 900 మోడల్లో ఇంజను కింద గేర్‌బాక్స్ వుంటుంది, టర్బో టార్క్‌కి అది త్వరగా అరిగేది. 9000లో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది, గేర్‌బాక్స్ పక్కన వుంటుంది. అందుకే ఇంజను కుటుంబం ఒకటే అయినా దీన్ని పీకి దాంట్లో నేరుగా పెట్టలేం. తర్వాత వచ్చిన ఇగ్నిషన్ క్యాసెట్లూ అంతే, ట్రయానిక్ 5కి ఒకటి, ట్రయానిక్ 7కి ఇంకోటి. చూడ్డానికి ఒకేలా వుంటాయి, ఒకదాని బదులు ఒకటి పనికిరాదు. రెండూ వేడికి పోయేవే కాబట్టి తెలిసినవాళ్ళు డిక్కీలో ఒక స్పేర్ పెట్టుకునేవాళ్ళు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ 1999 నించి 2003 దాకా వచ్చిన 9-5 ఇంజన్లకి తగిలింది. క్రాంక్‌కేస్ గాలి బయటికిపోయే దారి సరిగ్గా లేదు, ఆయిల్ సంపుకి దగ్గరగా మండే క్యాటలిటిక్ కన్వర్టర్, పైగా ఎక్కువ కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చితే చాలన్న షెడ్యూలు. ఆయిల్ తారులా గడ్డకట్టి పంపు జల్లెడకి అడ్డుపడేది. ముందు టర్బో, తర్వాత బేరింగులు, ఆఖరికి ఇంజనే పోయేది. కంపెనీ 8 ఏళ్ళ వరకు కవరేజీ పొడిగించింది, సర్వీసు రసీదులు చూపించినవాళ్ళకి. రసీదులు దాచుకోనివాడి పరిస్థితి ఊహించుకోండి. మళ్ళీ అదే కథ. నాకింగ్ విషయంలో యజమానిని నమ్మడం మానేసిన కంపెనీ, ఆయిల్ విషయంలో నమ్మింది.

ఇక మన దగ్గరికొస్తే, చాలా ఏళ్ళు టర్బో అంటే డీజిలే. 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను వుంటే పన్ను తక్కువ అన్న నిబంధనే చిన్న టర్బో పెట్రోళ్ళకి దారి చూపింది. 2013లో పోలో 1.2 టీఎస్ఐ 105 హార్స్‌పవర్‌తో, ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ 125తో వచ్చాయి. 999 సీసీ నించి 125! ఇప్పుడు చిన్న ఎస్‌యూవీల్లో ఈ సైజు టర్బోలు మామూలైపోయాయి. బంకులో పోసే పెట్రోలు ఎలా వున్నా ఇవి నడుస్తున్నాయంటే ఆ సెన్సార్ చలవే.

కాబట్టి "నిలబడుతుందా" అన్నదానికి నా జవాబు: మీ బాధ్యతని ఇంజను తీసేసుకున్నచోట నిలబడుతుంది, మీకే వదిలేసినచోట మీ మీద ఆధారపడి వుంటుంది. ప్రస్తుతానికి మీకు వదిలేసిన ముఖ్యమైన పని ఆయిల్. చెప్పిన గ్రేడు కాకుండా షెడ్డులో వున్నదేదో పోయించుకోవద్దు. ట్రాఫిక్‌లో తిరిగే కారుకి కిలోమీటర్లు పూర్తికాకపోయినా గడువు అయితే మార్పించండి. ఇది చాదస్తం కాదు. 2023 డిసెంబరులో అమెరికాలో 1.0 ఎకోబూస్ట్ వున్న కార్లని ఫోర్డ్ వెనక్కి పిలిచింది. ఆయిల్లో తడుస్తూ ఆయిల్ పంపుని తిప్పే బెల్టు వ్యవస్థ దెబ్బతిని ఆయిల్ ప్రెషర్ పడిపోతోందని. అరవై ఏళ్ళ తర్వాత కూడా గొడవ ఆయిల్ దగ్గరే ఆగింది. ఇంజనాయిల్ కూడా తన సంగతి తను చూసుకునే రోజు వచ్చేదాకా, డిప్‌స్టిక్ తీసి చూడ్డం మన పనే.